నీలం చుక్క గుట్టు రట్టు!

"ఎక్కడున్నావ్?" అని అడిగే రోజులు పోయాయి. ఇప్పుడంతా "లొకేషన్ పెట్టు" అనడమే. పెళ్లి పిలుపుకి లొకేషన్, పార్సిల్ తెచ్చే కుర్రాడికి లొకేషన్, స్నేహితులకైతే రోజంతా లైవ్ లొకేషన్! మ్యాప్ మీద మెరిసే ఆ చుక్క వెనకాల ఎన్ని వింతలున్నాయో చూద్దాం రండి. నోరెళ్లబెట్టడానికి సిద్ధంగా ఉండండి మరి!

మీరెక్కడున్నారో జీపీఎస్ ఉపగ్రహాలకు అస్సలు తెలియదు, మీకు తెలుసా? అవి నేలకు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ "నేనిక్కడున్నా, ఇప్పుడు టైమింత" అని చాటుకుంటూ పోతాయి. అంతే! ఆ మాట వినేదీ, లెక్క కట్టేదీ మీ ఫోనే. గుట్టు బయటపెట్టేది ఆకాశం కాదండోయ్, మీ జేబే!

అదీ ఒక్క ఉపగ్రహం మాట నమ్మి కాదు. కనీసం నాలుగింటి మాట వింటేగానీ ఫోన్ మీ జాడ తేల్చదు. పెళ్లి సంబంధం ఖాయం చేసుకునే ముందు మనం నలుగురినీ వాకబు చేయమూ, అలాగన్నమాట!

ఐన్‌స్టీన్ లేకపోతే మీ ఫ్రెండ్ ఇల్లు దొరకదు, మీకు తెలుసా? ఉపగ్రహంలో ఉన్న గడియారం నేల మీది గడియారం కంటే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పరిగెడుతుంది. ఆయన చెప్పిన సాపేక్ష సిద్ధాంతం ప్రకారం దాన్ని సరిచేస్తారు. సరిచేయకుండా వదిలేస్తే ఒక్క రోజులోనే దాదాపు 10 కిలోమీటర్ల తేడా వచ్చేస్తుంది. అమీర్‌పేటలో ఉన్న మనిషి దిల్‌సుఖ్‌నగర్‌లో తేలతాడు!

2000 సంవత్సరం దాకా అమెరికా కావాలనే జీపీఎస్‌ని తప్పుగా చూపించేది, మీకు తెలుసా? అసలైన లెక్క సైన్యానికి, 100 మీటర్ల దాకా తేడా ఉండే లెక్క మనలాంటి వాళ్లకి. ఆ ఏడాది మే నెల మొదట్లో అధ్యక్షుడు క్లింటన్ ఆ కల్తీని ఆపించేశారు. ఒక్క రాత్రిలో ప్రపంచం మొత్తానికీ చూపు బాగుపడింది!

అసలు జీపీఎస్ సామాన్యుల చేతికి ఎందుకొచ్చిందో తెలుసా? 1983 సెప్టెంబరు 1న దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లిన కొరియా విమానాన్ని కూల్చేశారు. అందులో ఉన్న 269 మందీ చనిపోయారు. ఇలాంటి ఘోరం మళ్లీ జరగకూడదని, జీపీఎస్‌ని అందరికీ అందుబాటులోకి తెస్తామని రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. దారి తప్పినవాళ్ల ప్రాణాలు కాపాడటానికని మన చేతికిచ్చిన సాధనం ఇది! ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మన దేశానికీ సొంత జీపీఎస్ ఉందని మీకు తెలుసా? పేరు నావిక్. అందులో మొదటి ఉపగ్రహం 2013 జులై 1న ఎగిరింది. ఎక్కడి నుంచి? ఇంకెక్కడి నుంచి, మన శ్రీహరికోట నుంచే! పులికాట్ పక్కన ఎగిరింది దేశానికి దారి చూపడానికే!

మ్యాప్ మీద ఒక చోటును నొక్కితే రెండు పొడుగాటి అంకెలొస్తాయి, చూశారా? ఆ అంకెలో చుక్క తర్వాత నాలుగో స్థానం అంటే దాదాపు 11 మీటర్లు. ఆరో స్థానం అంటే 11 సెంటీమీటర్లు. నిజానికి ఆరుబయట ఫోన్ జీపీఎస్ ఓ అయిదు మీటర్ల తేడాతో చెప్పగలదు. మీరు ఏ వీధిలో ఉన్నారన్నది పాత ప్రశ్న. హాల్లోనా, పెరట్లోనా అన్నది కొత్త ప్రశ్న!

విమానం మోడ్‌లో పెట్టేస్తే ఫోన్‌కి దారి తెలియదనుకుంటున్నారా? జీపీఎస్ అంటే వినడమే కదా, ఈ రోజుల్లో చాలా ఫోన్లు ఆ మోడ్‌లోనూ వింటూనే ఉంటాయి. విన్నది అప్పటికప్పుడు ఎవరికీ చెప్పలేవు, అంతే తేడా. నోరు మూసుకున్నా చెవులు పనిచేస్తాయి మరి!

ఇక జీపీఎస్ ఆపేసినా సరే, చుట్టుపక్కల వైఫైల సిగ్నళ్లు చూసి ఫోన్ మీ చోటు పోల్చుకోగలదు, మీకు తెలుసా? మీ ఇంటి వైఫై కూడా ఆ లెక్కలో ఒక గుర్తే. అది గూగుల్ లెక్కలోకి రాకూడదంటే వైఫై పేరు చివర అండర్‌స్కోర్ పెట్టి ఇంగ్లీషులో 'నోమ్యాప్' అని తగిలించాలి. ఇంటికి దిష్టిబొమ్మ కట్టే మనవాళ్లు వైఫైకీ ఒకటి కట్టొచ్చన్నమాట!

ఇంకా పెద్ద వింత ఉంది. ఫోన్ బ్యాటరీ ఎంత వేగంగా తరుగుతోందో చూసి మీరు ఏ దారిన వెళ్తున్నారో చెప్పొచ్చని 2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇజ్రాయెల్ వాళ్లతో కలిసి నిరూపించారు! టవర్ దూరమైతే ఫోన్ ఎక్కువ కరెంటు తాగుతుంది. దగ్గరైతే తక్కువ. అంతకు ముందే కొలిచిపెట్టుకున్న దారులైతే చాలు, ఆ ఎగుడుదిగుడులే దారి చెప్పేస్తాయి. చార్జింగ్ కూడా చాడీలు చెబుతుందని ఎవరనుకున్నారు!

సరే, స్నేహితుల దగ్గరికి వద్దాం. ఫ్రెండ్స్ ఎక్కడున్నారో మ్యాప్ మీద చూపించే సరదాని గూగుల్ 2009 ఫిబ్రవరిలోనే 27 దేశాల్లో మొదలుపెట్టింది, మీకు తెలుసా? పేరు లాటిట్యూడ్. 2013 ఆగస్టులో మూసేసింది. 2017 మార్చిలో అదే సరదాని మ్యాప్స్‌లో పెట్టి మళ్లీ తెచ్చింది. తలుపు మూస్తే కిటికీలోంచి వచ్చింది!

2010లో ముగ్గురు డచ్ కుర్రాళ్లు ఒక వెబ్‌సైట్ పెట్టారు. దాని పేరేంటో తెలుసా? 'నా ఇల్లు దోచుకోండి బాబూ' అనే అర్థం వచ్చే పేరు! "నేను ఫలానా హోటల్లో ఉన్నా" అని జనం అందరికీ కనబడేలా పెట్టిన పోస్టులన్నీ అందులో వరసగా వచ్చి పడేవి. హోటల్లో ఉన్నాడంటే ఇంట్లో లేనట్టే కదా! దొంగలకు సాయం చేయడం వాళ్ల ఉద్దేశం కాదు. మనమే దొంగలకు కబురు పెడుతున్నామని చూపించారు. ఇంటి గుట్టు లంకకు చేటని మన పెద్దలు ఎప్పుడో అన్నారు. ఇక్కడ గుట్టు చెప్పింది ఇంటివాళ్లే!

వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 2017 అక్టోబరులో వచ్చింది. 15 నిమిషాలు, గంట, 8 గంటలు. మూడే గడువులు. ఇందులో మంచి సంగతేంటంటే దానంతట అదే ఆగిపోతుంది. అసలు సంగతేంటంటే, "అయిదు నిమిషాల్లో అక్కడుంటా" అని చెప్పి ఇంకా ఇంట్లోంచి కదలనివాళ్ల బండారం బయటపడటానికి 15 నిమిషాలు చాలు!

వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా ఉండొచ్చు, మీకు తెలుసా? టెన్త్ బ్యాచ్ గ్రూపులో లైవ్ లొకేషన్ పెడితే అంతమందికీ కనిపిస్తుంది. పాతికేళ్లుగా పలకరించని వాళ్లకి కూడా! ఒక్క ఫ్రెండ్ కోసం పెట్టింది ఊరంతా చూస్తుందన్నమాట!

ఆ లైవ్ లొకేషన్ దారిలో ఎవరికీ కనబడకుండా తాళం వేసుకుని వెళ్తుంది, నిజమే. మధ్యలో వాట్సాప్ కంపెనీ కూడా చూడలేదు. కానీ చేరాల్సిన ఫోన్‌లో తాళం తెరుచుకుంటుంది. ఆ ఫోన్ పక్కనున్నవాళ్ల చేతిలో ఉన్నా, ఒక స్క్రీన్‌షాట్ తీసి ఇంకెవరికో పంపినా ఏ తాళమూ ఆపలేదు. మీ గుట్టుకు కాపలా మీ ఫ్రెండ్ ఫోన్ పాస్‌వర్డే!

గూగుల్ మ్యాప్స్‌లో మీ లొకేషన్ చూసేవాళ్లకు ఇంకేం కనిపిస్తుందో తెలుసా? మీ ఫోన్ చార్జింగ్ ఎంతుందో కూడా! పేరు, చోటు, ఎంతసేపటి కిందటి సమాచారమో, పక్కనే బ్యాటరీ బొమ్మ, దాని శాతం. చార్జింగ్ ఎక్కుతోందో లేదో సహా. ఇక "ఫోన్ చచ్చిపోయింది రా, అందుకే ఎత్తలేదు" అన్న మాట చెల్లదు. అక్కడ 72 శాతం అని వెలుగుతూ ఉంటుంది!

అందులోనే ఇంకో గడువు ఉంది. 'నేను ఆపేదాకా' అని. నొక్కడానికి ఒక్క క్షణం, గుర్తుపెట్టుకోవడానికి ఏళ్లు! టూరుకెళ్లినప్పుడు పెట్టింది ఇంటికొచ్చాక కూడా నడుస్తుంది. కాలేజీ ముగిసినా, ఉద్యోగం మారినా, ఆ స్నేహమే చెడినా నడుస్తూనే ఉంటుంది. నా లెక్కలో ఈ మొత్తం యవ్వారంలో అన్నిటికంటే ప్రమాదకరమైన బటన్ ఇదే!

స్నాప్‌చాట్ మ్యాప్ 2017 జూన్‌లో వచ్చింది. 2025 నాటికి నెలకు 40 కోట్ల మంది వాడుతున్నారు! అందులో కనబడకూడదంటే 'ఘోస్ట్ మోడ్' పెట్టుకోవాలి. ఆ మ్యాప్‌లో మనశ్శాంతిగా తిరగాలంటే దయ్యం కావాల్సిందే!

2025 ఆగస్టులో ఇన్‌స్టాగ్రామ్ కూడా అమెరికాలో మ్యాప్ తెచ్చింది. తెచ్చీ తేగానే జనం హడలిపోయారు, మా ఇల్లు అందరికీ కనిపిస్తోందేమోనని. "మీరు ఒప్పుకుంటేనే కనిపిస్తుంది బాబూ" అని కంపెనీ పెద్దలే చెప్పుకోవాల్సి వచ్చింది. జనం ఉలిక్కిపడటం నాకు మాత్రం మంచి శకునంలా అనిపించింది!

ఇప్పుడు గుండె చిక్కబట్టుకోండి. పేరు, నంబరు లేకుండా ఉత్త చుక్కలు మాత్రమే ఉంటే మిమ్మల్ని పోల్చుకోగలరా? 2013లో పరిశోధకులు 15 లక్షల మంది ఫోన్ల 15 నెలల లెక్క తీసి చూశారు. ఏ చోట, ఏ వేళ అన్న వివరాలు నాలుగంటే నాలుగు దొరికితే చాలు, 95 శాతం మందిని గుంపులోంచి విడిగా గుర్తుపట్టొచ్చని తేలింది. పదిహేను లక్షల్లో ఒకరు, నాలుగే చుక్కలు!

నమ్మకం కుదరలేదా? మీ నాలుగు చుక్కలూ మీరే పెట్టి చూడండి. రాత్రి 11 గంటలకు ఒక చోటు. పొద్దున 10కి ఇంకో చోటు. సాయంత్రం అయిదున్నరకు పిల్లల ట్యూషన్ దగ్గర పది నిమిషాలు. శనివారం పొద్దున్నే వెంకటేశ్వరస్వామి గుడి. ఈ నాలుగు చోట్లలో ఈ నాలుగు వేళల్లో ఉండే మనిషి ప్రపంచంలో మీరు కాక ఇంకెవరుంటారు? మీ ఇంట్లోవాళ్లకైనా అన్నీ కుదరవు!

ఆ చుక్క చోటు చెబుతుందనుకుంటాం. అది కారణం కూడా చెప్పేస్తుంది! వారం వారం ఒకే క్లినిక్ ముందు ఆగితే జబ్బు తెలుస్తుంది. మధ్యాహ్నం పూట వేరే కంపెనీ ఆఫీసులో గంటసేపు ఉంటే ఇంటర్వ్యూ తెలుస్తుంది. లాయరు ఇంటి ముందు రెండుసార్లు కనబడితే ఇంకా ఎవరికీ చెప్పుకోని కష్టం తెలుస్తుంది. మన నోటితో మనం చెప్పాల్సిన సంగతుల్ని ఫోన్ ముందే చెప్పేయడం నాకు అన్యాయంగా తోస్తుంది!

అమెరికాలో న్యూయార్క్ టైమ్స్ విలేకరులు 2018లో చూసిన ఒక లెక్కలో కొన్ని ఫోన్ల జాడ రోజుకు ఎన్నిసార్లు నమోదైందో తెలుసా? 14,000 సార్లకు పైగా! రోజులో ఉన్నవి 1,440 నిమిషాలే. నిమిషానికి దాదాపు పదిసార్లు! కన్నతల్లి కూడా అన్నిసార్లు చూసుకోదు!

ఆ మరుసటి ఏడాది అదే పత్రిక చేతికి ఇంకో మూట దొరికింది. కోటీ ఇరవై లక్షల మందికి పైగా అమెరికన్ల ఫోన్లవి, మొత్తం 5,000 కోట్ల చుక్కలు! అవి ఎవరి దగ్గరివి? సర్కారువి కావు. మామూలు యాప్‌లు పోగుచేసి అమ్ముకునే వ్యాపారుల దగ్గరివి!

కుటుంబసభ్యులు ఒకరినొకరు చూసుకోవడానికి వాడే లైఫ్360 అనే యాప్ ఉంది. దానికి కోట్లమంది వాడకందార్లు. వాళ్ల లొకేషన్లు డేటా వ్యాపారులకు అమ్ముడవుతున్నాయని 2021 డిసెంబరులో ఒక వార్తాసంస్థ బయటపెట్టింది. కచ్చితమైన లొకేషన్లు అమ్మడం మానేస్తామని ఆ కంపెనీ తర్వాత చెప్పింది. పిల్లాడు స్కూలుకు చేరాడో లేదో అమ్మకి తెలియాలి, సరే. ముక్కూమొహం తెలియని వ్యాపారికెందుకండీ!

లొకేషన్ హిస్టరీ ఆపేశాం కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్ల జాడ కూడా గూగుల్ వేరే సెట్టింగ్ ద్వారా నమోదు చేసుకుంటోందని 2018లో అసోసియేటెడ్ ప్రెస్ తేల్చింది. ఆ వ్యవహారంలో 2022 నవంబరులో అమెరికాలోని 40 రాష్ట్రాలకు గూగుల్ కట్టడానికి ఒప్పుకున్న సొమ్మెంతో తెలుసా? 39 కోట్ల 15 లక్షల డాలర్లు! మన లెక్కలో మూడు వేల కోట్ల రూపాయల పైమాటే. ఒక్క మీట కిందున్న ఇంకో మీట ఖరీదు అది!

వైరస్‌లను పట్టే సాఫ్ట్‌వేర్‌తో పేరు తెచ్చుకున్న జాన్ మెకాఫీని ఏది పట్టించిందో తెలుసా? ఒక్క ఫొటో! 2012 డిసెంబరులో ఆయన బెలీజ్ పోలీసుల కంటపడకుండా తిరుగుతుంటే వైస్ పత్రికవాళ్లు "మేం ఆయనతోనే ఉన్నాం" అని గొప్పగా ఒక ఐఫోన్ ఫొటో పెట్టారు. ఆ ఫొటో కడుపులో అక్షాంశం, రేఖాంశం అలాగే ఉండిపోయాయి. తెరిచి చూస్తే గ్వాటెమాలా! కొద్ది రోజుల్లోనే అక్కడి పోలీసులు పట్టుకున్నారు. వెతికేవాళ్లకు పనే లేకుండా పోయింది!

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ అంకెలు రాలిపోతాయి, మీకు తెలుసా? అదే ఫొటోని "క్వాలిటీ పోకూడదు" అని డాక్యుమెంట్‌గా పంపితే అంకెలు కూడా వెంట వెళ్తాయి. బొమ్మ స్పష్టంగా ఉంటుంది, అడ్రసు ఇంకా స్పష్టంగా ఉంటుంది!

2007లో ఇరాక్‌లో అమెరికా సైనికులు కొత్తగా వచ్చిన అపాచీ హెలికాప్టర్ల ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఫొటోలో దాగిన లొకేషన్ చూసుకుని శత్రువులు మోర్టార్లు పేల్చారు. నాలుగు హెలికాప్టర్లు బూడిద! ఫొటోకి లైకులు ఎన్ని వచ్చాయో గానీ, నష్టం మాత్రం అది!

పరుగుపందేలవాళ్ల యాప్ స్ట్రావా 2017 నవంబరులో ప్రపంచ పటం ఒకటి వేసింది. వందకోట్ల పరుగులు, సైకిల్ సవారీలు, నడకలు కలిపి వెలుగుగీతలుగా! మొత్తం దూరం 2,700 కోట్ల కిలోమీటర్లు. చూడముచ్చటైన పటం. రెండు నెలలకు ఆస్ట్రేలియాలో చదువుకుంటున్న 20 ఏళ్ల కుర్రాడు దాన్ని పరకాయించి చూశాడు. అఫ్గానిస్థాన్ ఎడారిలో చుట్టూ కటిక చీకటి, మధ్యలో చక్కగా చతురస్రంలా వెలుగు! ఎడారిలో పొద్దున్నే జాగింగ్ చేసేదెవరు? సైనికులే! రహస్య స్థావరం ప్రహరీగోడ ఆకారం సహా బయటపడింది. కొవ్వు కరిగించుకోబోతే గుట్టు కరిగిపోయింది!

బుద్ధొచ్చిందా? రాలేదు! 2024లో ఫ్రాన్స్ పత్రిక లె మోండ్ మళ్లీ తవ్వింది. బైడెన్, ట్రంప్, మాక్రాన్, పుతిన్‌ల అంగరక్షకుల్లో కొందరు అదే యాప్‌లో పరుగులు పెడుతూ దొరికిపోయారు. బాడీగార్డు దిగిన హోటల్ తెలిస్తే దేశాధినేత బస తెలిసినట్టే కదా. దేశాన్ని కాపాడేవాళ్ల ఫోన్లే సెట్టింగ్ మర్చిపోతే మన సంగతేంటి!

2022 ఫిబ్రవరి 24, తెల్లవారుజాము. ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైందని పుతిన్ ఇంకా ప్రకటించలేదు. అమెరికాలో ఒక ప్రొఫెసర్ గూగుల్ మ్యాప్స్ చూస్తూ కూర్చున్నారు. రష్యా కాలమానం ప్రకారం 3:15 గంటలకు రష్యాలోని బెల్గొరోద్ నుంచి సరిహద్దుకు వెళ్లే రోడ్డు మీద ట్రాఫిక్ జామ్! ఆ వేళప్పుడు ట్రాఫిక్ జామ్ ఏమిటి? సైన్యం కదులుతుంటే ఆగిపోయిన మామూలు కార్లలోని ఫోన్లు ఆ కబురు చెప్పాయి. ప్రపంచానికి యుద్ధవార్త ముందు చెప్పింది ట్రాఫిక్ ఎర్రగీత!

ట్రాఫిక్ మాటొచ్చింది కాబట్టి ఇది వినండి. 2020లో బెర్లిన్‌లో ఒక కళాకారుడు 99 పాత ఫోన్లను చిన్న ఎర్ర బండిలో వేసుకుని ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా లాక్కుంటూ నడిచాడు. మ్యాప్‌లో ఆ రోడ్డు ఎర్రబడిపోయింది! 99 కార్లు ఇరుక్కున్నాయనుకుంది పాపం. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉండనే ఉంటాడు!

మ్యాపు మీది గుర్తును నమ్మి మనుషుల్ని అనుమానించడం ఎంత తప్పో తెలుసా? అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఒక పొలం ఉంది. ఇంటర్నెట్ అడ్రసు ఏ ఊరిదో తెలియనప్పుడు ఒక కంపెనీ "అమెరికా నడిబొడ్డు" అని గుండుగుత్తగా ఒక అంకె వేసేది. ఆ అంకె సరిగ్గా ఈ పొలంలో పడింది! 60 కోట్ల ఇంటర్నెట్ అడ్రసులు ఆ ఒక్క ఇంటి మీదే! ఏళ్ల తరబడి పోలీసులు, మోసపోయినవాళ్లు, తప్పిపోయిన పిల్లల్ని వెతికేవాళ్లు ఆ తలుపు తట్టారు. 2016లో సంగతి బయటపడ్డాక ఆ కంపెనీ గుర్తును తీసుకెళ్లి చెరువు మధ్యలో పెట్టింది. ఇక కావాలంటే చేపల్ని అడగాలి!

కాబట్టి ఫ్రెండ్ చుక్క వేరే చోట కనబడిందని గొడవకు దిగకండి. నాలుగంతస్తుల మాల్‌లో చుక్క అవతలి వీధిలో తేలుతుంది. నెట్ లేకపోతే పాత చోటే చూపిస్తుంది. చుక్క సాక్ష్యం కాదు, ఉత్త అంచనా!

ఇప్పుడు మనవాళ్ల గొప్ప చెప్పనివ్వండి. "నన్నెవరూ వెంటాడి చూడకూడదు, అది నా స్వేచ్ఛలో భాగం" అని మన సుప్రీంకోర్టులో తొలినాళ్లలోనే రాసిన న్యాయమూర్తి ఎవరో తెలుసా? రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావు! అది 1962. ఖరక్ సింగ్ అనే ఆయన మీద కేసు నిలవకపోయినా ఉత్తరప్రదేశ్ పోలీసులు ఇంటి చుట్టూ కాపు కాసి, రాకపోకలు రాసుకునేవారు. రాత్రిపూట తలుపు తట్టడం తప్పని ఆరుగురు జడ్జీలూ అన్నారు. వెంట ఉండి గమనించడం మాత్రం తప్పు కాదని నలుగురు తేల్చారు. గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో లేదన్నారు.

సుబ్బారావు ఒప్పుకోలేదు. జస్టిస్ షాతో కలిసి వేరుగా తీర్పు రాశారు. కాళ్లకు సంకెళ్లు లేకపోయినా, అడుగడుగూ ఎవరో రాసుకుంటుంటే ఆ మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదన్నారు. స్మార్ట్‌ఫోన్ లేదు, మ్యాప్ లేదు, మన ఇళ్లలో చాలావాటికి ల్యాండ్‌లైన్ కూడా లేని కాలంలో! వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ రావడానికి దాదాపు 55 ఏళ్ల ముందే దాని బెంగ అంతా ఆయన రెండు ముక్కల్లో చెప్పేశారు. తెలుగువాళ్లం గర్వంగా చెప్పుకోవాల్సిన తీర్పు ఇది. బడిపుస్తకాల్లో ఉండాలి!

ఆ మాట గెలవడానికి ఎన్నేళ్లు పట్టిందో తెలుసా? దాదాపు 55! 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. 547 పేజీల తీర్పు. కేసు వేసిన రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి వయసు అప్పటికి తొంభై దాటింది. ఆ తొమ్మిదిమందిలో కృష్ణా జిల్లా బిడ్డ జాస్తి చలమేశ్వర్ ఉన్నారు. 2023లో ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా వచ్చిన అబ్దుల్ నజీర్ కూడా ఉన్నారు. ఎటు చూసినా మనకు చుట్టరికమే!

గూగుల్ మ్యాప్స్ లొకేషన్ మన సుప్రీంకోర్టు మెట్లెక్కిందని మీకు తెలుసా? మాదకద్రవ్యాల కేసులో బెయిలిచ్చిన నైజీరియా దేశస్థుడికి "నీ లొకేషన్ దర్యాప్తు అధికారికి కనబడేలా మ్యాప్‌లో పిన్ వేసి ఉంచు" అని షరతు పెట్టారు. 2024 జులై 8న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బెయిల్ మీదున్న మనిషి కదలికల్ని పోలీసులు అనుక్షణం చూస్తూ ఉండటం కుదరదంది. నిందితుడికే అంత హక్కుంటే, ఏ నేరమూ చేయని మీకు మీ ఫ్రెండ్ దగ్గర ఎంత హక్కుండాలి!

అమెరికా సుప్రీంకోర్టు లెక్క ఇంకో వింత. ఒక దొంగతనాల కేసులో పోలీసులు వారెంటు లేకుండా 127 రోజుల ఫోన్ జాడ తెప్పించుకున్నారు. ఎన్ని చుక్కలో తెలుసా? 12,898! 2018 జూన్‌లో తీర్పొచ్చింది, వారెంటు ఉండాల్సిందేనని. అయిదుగురు అటు, నలుగురు ఇటు. ఒక్క ఓటుతో గట్టెక్కింది!

లొకేషన్ చూపడమే తప్పని నేననట్లేదు. తెలంగాణలో టీ-సేఫ్ అని ఉంది, మీకు తెలుసా? 2024 మార్చిలో మొదలైంది. ఒంటరిగా ప్రయాణించే మహిళ ఆటో దిగేదాకా పోలీసులు గమనిస్తూ ఉంటారు. యాప్ లేకపోయినా ఫోన్ చేసి ఈ సాయం కోరొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన దిశ యాప్‌లో ఫోన్ ఊపితే చాలు, సాయం అడిగినట్టే అయ్యేది. ఇవీ అసలు పనులు! ఒక ప్రయాణం, ఒక అవసరం. ఇల్లు చేరగానే సరి.

ఐఫోన్‌లో 2023లో వచ్చిన 'చెక్ ఇన్' ఇంకా ముచ్చటైనది. మీరు చెప్పిన వేళకు ఇల్లు చేరితే "చేరింది" అని కబురు వెళ్తుంది, అంతే. చేరకపోతేనే లొకేషన్, దారి, బ్యాటరీ సంగతులు ఫ్రెండ్‌కి తెలుస్తాయి. ఆపద వస్తేనే తెరుచుకునే తలుపు! నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే.

యాప్‌లకు మీ చోటు 'సుమారుగా' మాత్రమే చెప్పొచ్చు, మీకు తెలుసా? ఐఫోన్‌లో 2020 నుంచి, ఆండ్రాయిడ్‌లో 2021 నుంచి ఆ వీలుంది. ఆండ్రాయిడ్‌లో సుమారు అంటే దాదాపు 3 చదరపు కిలోమీటర్లు. వాతావరణం చెప్పే యాప్‌కి మీ పేట తెలిస్తే చాలు. వాన మీ గది ఒక్కదాని మీదే పడదుగా!

ఒక్క నిమిషం నవ్వు పక్కన పెడదాం. ప్రేమ పేరుతో, పెళ్లి పేరుతో "నీ లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి" అని పట్టుబట్టే మనుషులున్నారు. అలాంటి చెర నుంచి బయటపడేవాళ్ల కోసమే ఆపిల్ 2022లో 'సేఫ్టీ చెక్' తెచ్చింది. ఎవరెవరికి ఏమేం కనబడుతున్నాయో చూసి అన్నీ ఒకేసారి తెంచేయొచ్చు. మన దేశంలో మహిళను వద్దన్నా వెంటాడటం, ఆమె ఆన్‌లైన్ కదలికల్ని కాపు కాయడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. తొలిసారికే మూడేళ్ల దాకా జైలు. ఇది సరదా కాదు, నేరమే!

ఆన్ చేయడం తేలిక, ఆఫ్ చేయడమే కష్టం, గమనించారా? ఆపగానే ఫోన్ మోగుతుంది. "ఏంట్రా, ఎందుకు తీసేశావ్? ఏం దాస్తున్నావ్?" దాచడానికి ఏమీ లేకపోయినా చూపించాల్సిన పని లేదండీ! తలుపు వేసుకుని పడుకునే ప్రతి మనిషీ దొంగ కాడు.

ఇక ఇప్పుడే ఫోన్ తీయండి. వాట్సాప్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ, లైవ్ లొకేషన్. గూగుల్ మ్యాప్స్‌లో మీ ఫొటో నొక్కి, లొకేషన్ షేరింగ్. ఐఫోన్ అయితే 'ఫైండ్ మై'లో మనుషుల జాబితా. మూడింటికీ కలిపి రెండు నిమిషాలు కూడా పట్టదు. అక్కడ కనిపించే పేర్లలో ఇవాళ మీ జాడ తెలియాల్సిన అవసరం ఎవరికి లేదో వాళ్లకు ఆపేయండి. ఎవరైనా అడిగితే "అవసరమైనప్పుడు మళ్లీ పెడతాను, గంట సేపు" అని నవ్వుతూ చెప్పండి. మంచి స్నేహితులకు ఆ మాట సరిపోతుంది.